డ్యూటీ చేస్తూ సైకాలజీ చదవాలనుకుంటే

మంథనిలో ఇప్పుడు సైకాలజీ పుస్తకం ఎక్కువగా తెరిచేది టీచర్లే. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్న టీచర్లు రెండేళ్లలోగా టెట్ పాసు కావాలి. 150 మార్కుల ఆ పరీక్షలో 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీకే. ఎప్పుడో టీటీసీలోనో బీఎడ్‌లోనో చదివి అటకెక్కించిన పియాజే, పావ్‌లోవ్, థార్న్‌డైక్‌లను నలభై దాటాక మళ్లీ కిందికి దించాల్సి వచ్చింది. వీళ్లు కాక, పరీక్ష బెడద ఏమీ లేకుండానే డిగ్రీ మొదటి సంవత్సరం స్థాయి సైకాలజీ ఒక్క పేపరైనా పద్ధతిగా చదవాలనుకునేవాళ్లు ఉన్నారు. సెంటినరీ కాలనీలో సింగరేణి ఉద్యోగులు, అంగన్‌వాడీ టీచర్లు, ఐకేపీలో పనిచేసే ఆడవాళ్లు, రోజంతా జనంతో మాట్లాడే బ్యాంకు సిబ్బంది. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ల కోసం.

పుస్తకం చేతిలో కనబడగానే ఆఫీసులో ఎవరో ఒకరు అడుగుతారు: "సారూ, సైకాలజీ చదువుతున్నరట. నా మొఖం చూసి నా మనసుల ఏమున్నదో చెప్పరాదుండ్రి?" నవ్వి ఊరుకోండి. ఆ ఆశ మీలోనూ కొంత ఉంటే మాత్రం ముందే వదిలేయండి. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు చదివి వచ్చినవాళ్లకు ఈ కోర్సు మొదట్లో నిరాశగానే ఉంటుంది. ఇందులో విజయ సూత్రాలు ఉండవు. కన్ను, చెవి, మెదడు నుంచి మొదలుపెట్టి అవధానం, ప్రత్యక్షం, అభ్యసనం, స్మృతి, ప్రేరణ, ఉద్వేగం, ప్రజ్ఞ, మూర్తిమత్వం అంటూ వరుసగా అధ్యాయాలుంటాయి. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ ప్రయోగశాల పెట్టిన దగ్గర్నుంచి, మనుషుల గురించి అనుకునే మాటల్లో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అని పరీక్షించడమే ఈ శాస్త్రం పని.

ఇక ఎక్కడ చదవాలన్నది. మొన్నమొన్నటి దాకా దీనికి జవాబు తేలిక: ఇగ్నోలో చేరితే సరిపోయేది. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి సైకాలజీ కూడా వస్తుంది కాబట్టి, 2025 జులై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపవద్దని యూజీసీ ఆదేశించింది. బీఏలో ఒక సబ్జెక్టుగా ఉన్నా ఆ సబ్జెక్టును తీసేయాల్సిందే. కాబట్టి "ఇంటి దగ్గరే ఉండి సైకాలజీ డిగ్రీ" అని ఎవరైనా కరపత్రం చేతిలో పెడితే, ఫీజు కట్టేముందు యూజీసీ వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరు, ఆ కోర్సు పేరు రెండూ చూసుకోండి. "హాజరు మేం చూసుకుంటాం, మీరు పరీక్షకు వస్తే చాలు" అనే రెగ్యులర్ కాలేజీ మాటలైతే అసలు వినకండి. రేపు ప్రమోషన్ ఫైల్లో ఆ సర్టిఫికెట్ పెట్టినప్పుడు, అదే తేదీల్లో మీ మస్టర్ కూడా అక్కడే ఉంటుంది.

డిగ్రీ వద్దు, చదువు కావాలి అంటే దారులు తెరిచే ఉన్నాయి, అవీ దాదాపు ఉచితమే. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో ఐఐటీ అధ్యాపకులు చెప్పే సైకాలజీ కోర్సులు సెమిస్టర్ వారీగా వస్తుంటాయి. పాఠాలకు డబ్బు కట్టక్కర్లేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. అందులోని ఎన్‌పీటీఈఎల్ కోర్సులైతే వారంవారం అసైన్‌మెంట్లకు 25 మార్కులు, సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకు 75. ఆ సెంటర్ ఎక్కడ పడుతుందో రిజిస్ట్రేషన్ అప్పుడే చూసుకోండి. మంథనికి రైలు లేదు, పొద్దున సెషన్‌కు కరీంనగరో వరంగలో చేరాలంటే చీకటితోనే బస్సెక్కాలి. ఎంచుకునే వీలుంటే మధ్యాహ్నం సెషన్ పెట్టుకోండి.

పరీక్షా వద్దు, సర్టిఫికెట్టూ వద్దు అనుకునేవాళ్లకు ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి సైకాలజీ పుస్తకం చాలు. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లిష్‌లో ఉన్నా భాష తేలిక. అది అయ్యాక చదవడానికి ఇగ్నో పాఠాలు ఈజ్ఞానకోశ్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఇగ్నో బీఏలో సైకాలజీ మొదటి పేపరుగా ఉన్న బీపీసీసీ-131 ఆరు క్రెడిట్లది. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. అంటే మొత్తం 180 గంటలు. రోజుకో గంట అనుకుంటే ఆరు నెలలు. ఈ లెక్క ముందే తెలిసుంటే, రెండు ఆదివారాల్లో పుస్తకం అయిపోలేదని నిరాశపడరు.

తెలుగులో చదవాలంటే తెలుగు అకాడమీ పుస్తకాలు, డీఎడ్, బీఎడ్ పాఠ్యపుస్తకాలు ఉన్నాయి. ఉన్నత చదువుకు తెలుగులో పుస్తకాలు కావాలని 1968లో పెట్టిన ఆ అకాడమీకి 1974 దాకా అధ్యక్షుడు పి.వి. నరసింహారావు. అప్పుడాయన మంథని ఎమ్మెల్యే కూడా. 1957 నుంచి 1977 వరకు ఈ నియోజకవర్గం ఆయనదే. కాబట్టి తెలుగులో సైకాలజీ చదవడాన్ని మంథనివాళ్లు చిన్నతనంగా అనుకోనక్కర్లేదు. ఒక జాగ్రత్త: పరిభాష తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పక్కపక్కన రాసుకోండి. పునర్బలనం (రీఇన్‌ఫోర్స్‌మెంట్), నిబంధన (కండిషనింగ్), ఆపాదన (అట్రిబ్యూషన్) లాంటి మాటలు ఇంగ్లిష్ వీడియోలో వేరే పేరుతో వచ్చినప్పుడు, ఇదేదో కొత్త సంగతని బెదిరిపోకుండా ఉంటారు.

పుస్తకం ఏదైనా ముందు స్మృతి అధ్యాయం చదవండి, వరుస తప్పినా పర్వాలేదు. మిగతా అధ్యాయాలు ఎలా చదవాలో అందులోనే ఉంది. ఎబ్బింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని, అర్థంలేని అక్షరాల గుంపులు కంఠస్థం చేసి, నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి గంటల్లోనే జారిపోతుందని 1885లో చూపించాడు. 2006లో రోడిగర్, కార్పికె ఇంకో సంగతి తేల్చారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, పుస్తకం మూసి గుర్తున్నది రాసినవాళ్లు వాళ్లను దాటేశారు. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు చేసేది సరిగ్గా మొదటి రకం చదువు: హైలైటర్ పెన్నుతో గీతలు కొట్టి, ఇంకోసారి చదివి, వచ్చేసిందనుకోవడం.

పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే పద్ధతిని మంథనివాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. వేదం నేర్చుకున్న ఇళ్లు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. క్రమపాఠంలో మొదటి పదం రెండో పదంతో, రెండోది మూడోదానితో, మూడోది నాలుగోదానితో జోడీ కడుతూ సాగుతుంది. జటలో ఆ జోడీనే ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి, మళ్లీ ముందుకు చెప్పాలి. ఎదురుగా పుస్తకం ఉండదు. ఎక్కడ తడబడినా గురువు అక్కడే ఆపుతాడు. గుర్తు తెచ్చుకోవడం, తప్పు వెంటనే తెలిసిపోవడం, రోజులు గడిచాక మళ్లీ చెప్పడం ఈ మూడూ అందులో ఉన్నాయి. మీరు ఘనాపాఠి కానక్కర్లేదు. పేజీ చదివాక పుస్తకం మూయండి. పాత క్యాలెండర్ కాగితం వెనక గుర్తున్నది రాయండి, తెరిచి సరిచూసుకోండి. మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి అదే చేయండి. నైట్ షిఫ్టు దిగి మాత్రం పుస్తకం పట్టకండి. నేర్చుకున్నది మెదడులో కుదురుకోవడానికి నిద్ర కావాలి. పడుకుని లేచాక చదవండి.

అందరూ దాటేసే అధ్యాయం పరిశోధన పద్ధతులది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో అది రెండోది. ఉద్యోగస్తులకు కోర్సు మొత్తంలో ఎక్కువ పనికొచ్చేది ఇదేనని నా అభిప్రాయం. ఒక ఉదాహరణ చూడండి. గనిలో ఒక సూపర్‌వైజర్‌కు గట్టి నమ్మకం: జీతం పడ్డ మర్నాడు ఫలానావాళ్లు నాగాలు పెడతారని. అడిగితే నాలుగు సంఘటనలు తారీఖులతో చెబుతాడు. ఇప్పుడు కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. జీతం మర్నాడు రానివాళ్లు, జీతం మర్నాడు వచ్చినవాళ్లు, మామూలు రోజు రానివాళ్లు, మామూలు రోజు వచ్చినవాళ్లు. ఆయనకు గుర్తున్నవన్నీ మొదటి గడిలోవే. మిగతా మూడు గళ్లు మస్టర్‌లో ఉన్నాయి గానీ ఎవరూ తిరగేయలేదు. మూడు నెలల మస్టర్ తీసి గళ్లు నింపితే ఆయన నమ్మకం నిలవొచ్చు, నిలవకపోవచ్చు. మెమో ఇవ్వాలో, షిఫ్టు మార్చాలో ఆ తర్వాత ఆలోచించవచ్చు. స్కూల్లో "ఈ వాడ పిల్లలకు లెక్కలు రావు" అనే మాటకూ, బ్యాంకులో "ఈ ఊరోళ్లు లోన్ కట్టరు" అనే మాటకూ ఇవే నాలుగు గళ్లు.

దీంతోపాటు ఆపాదన గురించి కూడా చదవండి. ఎదుటివాడు డ్యూటీకి రాకపోతే వాడి బుద్ధే అంత అంటాం. మనం రాకపోతే బస్సు దొరకలేదు, బిడ్డకు జ్వరం అంటాం. ఇందులో మొదటిదాన్ని, అంటే పరిస్థితులను వదిలేసి అంతా ఎదుటివాడి బుద్ధికే అంటగట్టడాన్ని, 1977లో లీ రాస్ మౌలిక ఆపాదన దోషం అన్నాడు. పదిమంది చేత పని చేయించేవాళ్లు సెలవు చీటీ మీద సంతకం పెట్టే ముందు ఈ దోషాన్ని ఒకసారి తలచుకోవాలి.

పుస్తకంలో అచ్చయిందంతా వేదవాక్కు కూడా కాదు. సైకాలజీ పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసిన ఫలితాలు 2015లో వచ్చాయి. రెండోసారీ నిలబడ్డవి మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. పైగా పాఠాల్లోని ప్రయోగాల్లో చాలా వాటిలో పాల్గొన్నది అమెరికా కాలేజీ విద్యార్థులు. అక్కడ తేలింది గోదావరిఖని బస్తీలో నిలుస్తుందా అని అడగడం మీ హక్కు.

ఇంకో హెచ్చరిక. మానసిక రుగ్మతల అధ్యాయం చదువుతుంటే, అక్కడి లక్షణాలన్నీ మనకే ఉన్నట్టు, లేదంటే తోటికోడలికి ఉన్నట్టు అనిపిస్తుంది. చదివినవాళ్లలో చాలామందికి అనిపించేదే ఇది. ఎవరికీ రోగం పేరు పెట్టకండి, క్లాసులో పిల్లలకు అసలే వద్దు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి. ఆరు వారాల సర్టిఫికెట్‌తో "కౌన్సెలర్" బోర్డు పెట్టుకోకూడదు. ఎవరైనా నిజంగా కుంగిపోయి కనిపిస్తే, వినండి, ఆసుపత్రికి తోడు వెళ్లండి. టెలి మానస్ ఉచిత నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆ నంబరును ఇప్పుడే ఫోన్లో వేసుకోండి.

టెట్ రాసేవాళ్లకు ఒక్క మాట. పరీక్ష రెండు నెలల్లో ఉంటే ఈ కోర్సుల జోలికి పోకండి, పాత ప్రశ్నపత్రాలే చేయండి. ఎవరు ఏ సిద్ధాంతం చెప్పారు, ఏ దశ ఏ వయసుకు అన్నదే అక్కడ అడుగుతారు. అవి బట్టీతో వస్తాయి. ఆరు నెలలు పైన ఉంటే మాత్రం ముందు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చదవండి, బట్టీ సగం తగ్గుతుంది. మిగతావాళ్లు ఏ పోర్టల్‌లోనూ ఇప్పుడే పేరు నమోదు చేసుకోవద్దు, ఫీజూ కట్టొద్దు. ఈ వారం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని స్మృతి అధ్యాయం ఒక్కటి దించుకుని, చదివి, పుస్తకం మూసి గుర్తున్నది రాయండి. వచ్చే వారం కూడా రాయబుద్ధయితే అప్పుడు కోర్సులో చేరండి.