అన్నరక్ష: వంటయింటి బాధ్యత

వాగ్భటుని అష్టాంగహృదయంలో, సూత్రస్థానం ఏడవ అధ్యాయానికి ‘అన్నరక్ష’ అని పేరు. రాజుగారి భోజనంలో శత్రువులు విషం కలిపితే కనిపెట్టే పరీక్షలు అందులో చెప్పబడినవి. గురుకులంలో చదివే రోజులలో, ఇది రాజుల కాలపు ముచ్చట గదా యని నేను తేలికగా దాటవేశాను. ఇన్నేళ్ళ వైద్యవృత్తి తరువాత చూస్తే, ఆ విషాన్ని నేడు మన ఆదమరపే కలుపుతున్నది.

మా సంగం జాగర్లమూడిలో వేసవి పెళ్ళిళ్ళ కాలం వచ్చినదంటే వాంతులు, విరేచనాలతో వచ్చేవారు పెరుగుతారు. ఏమి తిన్నారని అడిగితే, “నిన్న విందులో మిగిలిన పలావేనండీ, బాగా వేడిచేసుకునే తిన్నాం” అంటారు. పొరపాటు అక్కడే ఉన్నది. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు వంట వేడికి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉన్నచో అవి మొలకెత్తి విషాన్ని పుట్టిస్తాయి. మరల కాచినా ఆ విషం నశించదు. చేతికి చీముపుండు ఉన్నవారు వడ్డన చేసినపుడు ఆహారంలో చేరి పెరిగే స్టెఫిలోకాకస్ విషమూ అటువంటిదే.

కనుక వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. మండుటెండల్లో అంతసేపు కూడా వద్దు. మిగిలినదానిని వెడల్పాటి పళ్ళెంలో పలుచగా పరచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టవలెను. మరి చద్దన్నం మాటేమిటని పెద్దలు అడుగుతారు. అన్నం చల్లారగానే నీరు, మజ్జిగ పోసి పులియబెడితే ఆ పులుపే కొంత రక్షణ. అర్ధరాత్రి దాకా మూతపెట్టి వదిలేసి, అప్పుడు నీళ్ళు పోసినది మాత్రం పేరుకే చద్దన్నం.

పచ్చిమాంసం కోసిన కత్తిపీటతో కూరగాయలు తరగరాదు. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించినది గదా! గుడ్డును గట్టిపడేదాకా ఉడికించి తినుటే క్షేమం. కళాయి పోయిన ఇత్తడిగిన్నెలో పులుసు, పెరుగు ఉంచితే చిలుము దిగి వాంతులవుతాయి. మన అమ్మమ్మలకు ఇది తెలిసిన విషయమే.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవలెను. వైద్యం మొదలుపెట్టిన తొలినాళ్ళలో, వాంతులు, విరేచనాలైన ఐదేళ్ళ పిల్లవానికి ‘లంఖణం పరమౌషధం’ అని చెప్పి, నీళ్ళు కూడా కొద్దిగానే ఇమ్మన్నాను. సాయంత్రానికి కళ్ళు లోతుకు పోయి, మూత్రం ఆగిపోయినది. తెనాలి తీసుకుపోయి సెలైను ఎక్కించగా బతికాడు. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు.

అప్పటినుండి నా మొదటి మందు నీరే. ఓఆర్ఎస్ పొట్లం లేనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి, కలిపి కొద్దికొద్దిగా తాగించండి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపవద్దు. విరేచనంలో రక్తం, తీవ్రజ్వరం, మత్తు, మూత్రం తగ్గుట కనిపిస్తే నావంటివాని వద్దకు రాక నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

మరొక్క మాట. మా మందులలో చాలావాటికి తేనె అనుపానం. అయినను ఏడాది నిండని బిడ్డ నాలుకకు తేనె రాయవద్దు. అందులో ఉండగల బొట్యులినమ్ బీజాలు పసిపేగులో విషం పుట్టించగలవు. ఈ మాట చెప్పినందుకు ఒక బామ్మగారు నాతో మాట్లాడుటే మానివేసినారు.