చేనులో పడిన ఉల్క ఎవరిది?

ప్రశ్న: మా చెరుకు చేనులో ఆకాశం నుంచి రాయి పడితే అది మాదేనా? అమ్ముకోవచ్చా?
– ఒక రైతు, నవీపేట్

జవాబు: అమెరికాలో అయితే భూమి యజమానిదే. 1890లో అయోవాలో పడిన ఉల్కపై దావా నడిస్తే, 1892లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అలాగే తేల్చింది. మన పద్ధతి వేరు. దేశంలో పడిన, దొరికిన ఉల్కలకు సంరక్షణ బాధ్యత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాది. కాబట్టి అమ్మకం ఆలోచన వద్దు.

తెలుగు నేలకూ ఉల్కలు కొత్త కాదు. 1870లో అప్పటి విశాఖ జిల్లాలో పడిన ఇనుప ఉల్క నెడగొల్ల పేరుతో నమోదైంది. 1865లో బిహార్‌లోని షెర్‌ఘాటీలో పడిన రాయి అంగారకుడిదని తర్వాత తేలింది. ఇంట్లో దాచుకుంటే ఇలాంటి సంగతులు ఎవరికీ తెలియవు.

రాయి పడితే కడగకండి, పగలగొట్టకండి, అయస్కాంతం ఆనించకండి. అందులోని పురాతన అయస్కాంత ఆనవాళ్లు చెరిగిపోతాయి. పడిన చోట ఫొటో తీసి, సమయం రాసుకోండి. శుభ్రమైన పొడి సంచిలో పెట్టి తహసీల్దారుకు గానీ, హైదరాబాద్ బండ్లగూడలోని సర్వే కార్యాలయానికి గానీ తెలపండి. రసీదు తప్పక అడగండి. తడికి ఉల్కలోని ఇనుము తుప్పు పడుతుంది, ఆలస్యం చేయకండి.