‘వేడి చేసింది’ అనుకుని ఊరుకోవచ్చా?

మూత్రంలో మంట అంటే మన రాయచూరు ఇళ్లలో మొదట వచ్చే మాట ‘వేడి చేసింది’. కన్నడంలో అయితే ‘ఉష్ణ ఆగ్యాద’. రెండు భాషల్లోనూ మందు ఒకటే: మజ్జిగ, సబ్జా నీళ్లు, బార్లీ. ఎండల్లో నీళ్లు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి మంట పుట్టడం నిజమే. కానీ మాటిమాటికీ వెళ్లాలనిపించి, వెళ్తే కొంచెమే వచ్చి, పొత్తికడుపు నొప్పిగా ఉంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు. చాలాసార్లు దానికి కారణం పేగుల్లో ఉండే ఇ.కొలై అనే బాక్టీరియా. ఆడవాళ్ల మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, అందుకే మనకు ఇది ఎక్కువ.

డాక్టరు ఎలా తేలుస్తారు?

1. ప్రశ్నలు: తెల్లబట్ట, దురద ఉన్నాయా అని అడుగుతారు. ఉంటే జబ్బు వేరే కావచ్చు. సిగ్గుపడి దాస్తే మందు తప్పుతుంది.

2. మూత్ర పరీక్ష: రసాయనాలు పూసిన పట్టీని మూత్రంలో ముంచితే రంగు మారుతుంది. తెల్ల రక్తకణాలు, నైట్రైట్ ఉన్నాయేమో దాన్నిబట్టి తెలుస్తుంది. నైట్రైట్ తయారవ్వాలంటే మూత్రం కొన్ని గంటలు లోపల నిలవాలి. అందుకే పొద్దున మొదటి మూత్రం మంచిది. అన్ని బాక్టీరియాలూ నైట్రైట్ చేయవు కాబట్టి అది కనిపించనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. మైక్రోస్కోపులో చీముకణాలు లెక్కిస్తారు. రిపోర్టులో ‘పస్ సెల్స్’ అని ఉండేది ఇదే.

3. కల్చర్: మాటిమాటికీ వచ్చేవాళ్లకు, గర్భిణులకు, జ్వరం ఉన్నవాళ్లకు ఇది ముఖ్యం. ల్యాబులో బాక్టీరియాను పెంచి, ఏ మందుకు చస్తుందో చూస్తారు. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. మిల్లీలీటరుకు 1,00,000 అనే పాత లెక్క 1950లలో అమెరికా డాక్టరు ఎడ్వర్డ్ కాస్ పరిశోధనల నుంచి వచ్చింది. బాధ ఉన్నవాళ్లలో అంతకన్నా తక్కువ ఉన్నా డాక్టర్లు పట్టించుకుంటారు.

శాంపిల్ ఇచ్చేటప్పుడు

చేతులు కడుక్కుని, ముందు నుంచి వెనక్కి శుభ్రం చేసుకోవాలి. మొదటి ధార వదిలేసి, మధ్య ధారను ల్యాబు వాళ్లిచ్చిన డబ్బాలో పట్టాలి. ఇంట్లో సీసా వాడొద్దు. రెండు గంటల్లోపు ఇచ్చేయాలి. నెలసరిలో ఉంటే ముందే చెప్పాలి.

మెడికల్ షాపులో అడిగి రెండు యాంటీబయాటిక్ మాత్రలు వేసుకుని తర్వాత శాంపిల్ ఇస్తే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. జబ్బు లోపలే ఉంటుంది, రిపోర్టు మాత్రం బాగుందంటుంది. అందుకని ముందు శాంపిల్, తర్వాతే మాత్ర.

చలిజ్వరం, నడుము పైభాగంలో ఒకవైపు నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీకి చేరిందేమో. అప్పుడు మజ్జిగతో సరిపెట్టుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. హాస్టల్లో ఉంటే పక్క గది అక్కకైనా చెప్పండి.