సైన్సు నేర్పే సంస్థకు అండగా నిలవాలంటే



పిల్లల చేత ప్రయోగాలు చేయించి సైన్సు నేర్పే స్వచ్ఛంద సంస్థకు విరాళం ఇవ్వదలచినవారు ముందుగా తెలుసుకోవలసింది, ఆ సంస్థకు డబ్బు దేనికి ఖర్చవుతుందన్నది. పరికరాలకు అయ్యేది అందులో కొంతే. వాటిని పిల్లల చేతికిచ్చి, పక్కనే ఉండి ప్రశ్నలు వేసే మనిషి జీతం, బండికి డీజిలు, ఏటా పాడైపోయే బ్యాటరీలూ బల్బులూ రసాయనాలూ, పనంతా నడిచేది వీటి మీదే. అందుకే ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా ఏళ్ల తరబడి నెలనెలా అందే చిన్న మొత్తం ఇలాంటి సంస్థకు ఎక్కువ ఆసరా.

ప్రభుత్వ బడుల్లో సైన్సు సామాను బొత్తిగా ఉండదనుకోవడం సరికాదు. చాలాచోట్ల ఉంటుంది, తాళం వేసిన బీరువాలో. గాజు గొట్టం పగిలినా భూతద్దం పోయినా స్టాక్ రిజిస్టరులో లెక్క చెప్పుకోవలసింది మాస్టారే కాబట్టి దాన్ని బయటికి తీయడానికి ఆయన జంకుతారు. తీసినా బల్ల మీద తానే చేసి చూపిస్తారు, వెనక వరసల పిల్లలకు ఆయన వీపే కనిపిస్తుంది. ఇందులో మాస్టారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. వస్తువు పగిలితే ఫరవాలేదు, ఇంకోటి తెస్తామని చెప్పగలిగే వెసులుబాటు ఆయనకు లేదు. మంచి స్వచ్ఛంద సంస్థ బడికి తెచ్చేది ముఖ్యంగా ఆ వెసులుబాటునే.

దాని విలువ ఒక్క ప్రయోగంతో తెలుస్తుంది. బ్యాటరీ, అయస్కాంతం, ఎనామిల్ పూత ఉన్న రాగి తీగ చుట్ట, వీటితో చిన్న మోటారు తయారవుతుంది. తీగ ఒక కొసన పూతను పూర్తిగా గీకాలి, రెండో కొసన ఒక పక్క మాత్రమే గీకాలి. రెండు కొసలూ శుభ్రంగా గీకేసిన పిల్ల చేతిలో చుట్ట గిర్రున తిరగదు, అటూ ఇటూ ఊగులాడుతుంది. సగం చుట్టు దాటగానే అయస్కాంతం దాన్ని వెనక్కి తోస్తుంది కాబట్టి ఆ సగంలో కరెంటు అందకుండా ఉండాలి. ఈ సంగతి పుస్తకంలో రెండు వాక్యాలు. తిరగని చుట్టను పట్టుకుని, పక్కవాళ్ల చుట్ట ఎందుకు తిరుగుతోందో పోల్చి చూసి, తానే కారణం పసిగట్టిన పిల్ల మాత్రం దాన్ని మరచిపోదు. అలా తప్పు చేయడానికి సామానూ కావాలి, సమయమూ కావాలి, తొందరపెట్టని పెద్దమనిషీ కావాలి.

ఈ పద్ధతి మన దేశానికి కొత్త కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు 16 మాధ్యమిక పాఠశాలల్లో దీన్ని మొదలుపెట్టాయి. పిల్లలు గుంపులుగా కూర్చుని ప్రయోగాలు చేసేవారు, చూసింది రాసుకునేవారు, దాని మీద వాదించుకునేవారు. పరీక్షలో పుస్తకం తెరుచుకోవచ్చు, ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. ఇంజనీరు అరవింద్ గుప్తా అగ్గిపుల్లలతో, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టే ఆటను రూపొందించింది అక్కడే. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఈ పనిని జిల్లా దాటించి వందల బడులకు తీసుకెళ్లింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్లు నిలిచిన పని ఒక్క ఉత్తర్వుతో ఆగిపోవడం బాధాకరం. ప్రభుత్వ బడుల్లో పనిచేసే సంస్థకు ప్రభుత్వ అనుమతి తప్పదు, కానీ ఆ అనుమతి పోయిన రోజున కూడా మనుషులనూ సామానునూ నిలబెట్టుకోవాలంటే దానికి సొంత దాతలు ఉండాలి.

తెలుగునేల మీద ఇలాంటి పనికి పెద్ద ఉదాహరణ కుప్పం దగ్గరి గుడివంకలో ఉంది. బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన రామ్‌జీ రాఘవన్, మరికొందరు కలిసి 1999లో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ స్థాపించారు. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే ఆ మెట్టప్రాంతంలో సుమారు 170 ఎకరాల బీడులో చెట్లు పెంచి, ప్రయోగశాలలు కట్టారు. చుట్టుపక్కల ప్రభుత్వ బడుల పిల్లలు బస్సుల్లో అక్కడికి వస్తారు. రాలేని బడులకు వ్యానులు వెళతాయి, వ్యాను వెళ్లలేని చోటికి మోటారు సైకిలు మీద పెట్టె వెళుతుంది. పిల్లలే తోటిపిల్లలకు నేర్పే కార్యక్రమం కూడా ఉంది. నేర్పబోయేవాడు తన సందేహాలు ముందుగా తీర్చుకోక తప్పదు కాబట్టి, ఆ సంస్థ పనుల్లో మెచ్చుకోదగ్గది ఇదే అనిపిస్తుంది.

ఏ సంస్థనైనా ఎంచుకునేటప్పుడు కరపత్రంలో లక్షల సంఖ్యలు చూసి మురిసిపోనక్కరలేదు. ఒకే బడికి ఏడాదిలో ఎన్నిసార్లు వెళుతున్నారు, ఒక్కో సామాను చుట్టూ ఎంతమంది పిల్లలు కూర్చుంటున్నారు, ఆడపిల్లల చేతికి అది అందుతోందా, బోధకులు ఎన్నేళ్లుగా ఉంటున్నారు, బడి మాస్టర్లకు శిక్షణ ఇస్తున్నారా, ఈ ప్రశ్నలకు సూటిగా జవాబిచ్చే సంస్థ నమ్మదగినది. ఆడిట్ నివేదిక అడిగితే చూపించాలి. జీతాల పద్దు పెద్దదని వెనక్కి తగ్గడం పొరపాటు, బోధన ఉన్నచోట జీతాలు ఉంటాయి.

చట్టం సంగతులు కొన్ని. ఆదాయపు పన్ను చట్టం కింద గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చే విరాళంలో సాధారణంగా సగానికి, కొన్ని పరిమితులకు లోబడి, పాత పన్ను విధానంలో మినహాయింపు దొరుకుతుంది. కొత్త విధానం ఎంచుకున్నవారికి దొరకదు. రూ. 2,000 దాటిన నగదు విరాళానికి అసలు వర్తించదు. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి. విద్య అందులో ఉంది కాబట్టి, ఉద్యోగి తన కంపెనీ దృష్టికి మంచి సంస్థను తీసుకెళ్లడం కూడా సహాయమే.

విదేశాల్లో ఉన్న తెలుగువారు ఒక తేడా గుర్తించాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే, ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి. అవి లేవని ఊళ్లోని బంధువుల ఖాతా మీదుగా పంపడం తగదు, చిక్కుల్లో పడేది సంస్థే.

డబ్బుతో పాటు సమయం ఇవ్వగలిగినవారు బడిలో ఉపన్యాసానికి పూనుకోకుండా, బోధకుల వెంట వెళ్లి సామాను సర్దడం, విరిగినవి బాగుచేయడం, లెక్కలు రాయడం వంటి పనులు అడిగి తీసుకోవాలి. పనికిరాని పాత కంప్యూటర్లు పంపితే వాటి మరమ్మతు భారం సంస్థ మీదే పడుతుంది. ఏ వస్తువు కావాలో సంస్థను అడిగి, అదే కొనివ్వాలి.