డెమ్మీనా, క్రౌనా?

ప్రశ్న: మా పల్నాటి పల్లెల కథలు పుస్తకంగా వేద్దామనుకుంటున్నాను. పేపర్‌బ్యాక్‌కి ఏ సైజు మేలు? పేజీలు గమ్‌తో అతికిస్తే చాలా, కుట్టించాలా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: కథలకు డెమ్మీ 1/8 ఎంచుకోండి. సుమారు 5.5×8.5 అంగుళాలు ఉంటుంది. క్రౌన్ 1/8 దాదాపు 5×7 అంగుళాలు. చేతిలో ఇముడుతుంది, కవితలకు నప్పుతుంది. కానీ అదే కథలకు పేజీలు పెరుగుతాయి. పేజీలు తగ్గించాలని వరుసల్ని మాత్రం ఇరికించకండి. మన లిపికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఎడం కావాలి.

మొత్తం పేజీలు 16 గుణిజంలో ఉండేలా చూసుకుంటే కాగితం వృథా కాదు. సన్నటి పుస్తకానికి సెంటర్ పిన్ చాలు. వెన్ను మీద పేరు కనపడాలంటే గమ్ బైండింగ్ చేయించండి. అయితే నాసి గమ్ ఎండిపోయి పేజీలు ఊడతాయి. అందుకే గ్రంథాలయాలకిచ్చే ప్రతులకైనా ఫారాలు (మడిచిన కాగితాల కట్టలు) కుట్టించి, ఆ తర్వాత అట్ట వేయించండి.