ఆపద రాకముందే చోటు చూసుకోండి

1982 ఫిబ్రవరి మొదటి వారం. అమెరికాకు చెందిన స్టీవెన్ కలహన్ తన చేతులతో కట్టుకున్న చిన్న తెరచాప పడవ మీద కెనరీ దీవుల నుంచి ఒంటరిగా అట్లాంటిక్ దాటుతున్నాడు. ఒక రాత్రి ఏదో బలంగా గుద్దుకుని పడవలోకి నీళ్లు దూసుకొచ్చాయి. క్షణాల్లో లైఫ్‌రాఫ్ట్‌ను, అంటే గ్యాస్‌తో ఉబ్బే ప్రాణరక్షక తెప్పను, నీళ్లలోకి తోసి అందులోకి దూకాడు. పడవ వెంటనే మునిగిపోలేదు. అందుకే మళ్లీ దాంట్లోకి వెళ్లి, నీళ్లు నిండిన గదిలో మునిగి, ముందే సర్దిపెట్టుకున్న అత్యవసర సంచిని వెతికి తీసుకొచ్చాడు. ఆ తర్వాత 76 రోజులు సముద్రం మీదే ఉన్నాడు. కరీబియన్‌లోని మరీ గలాంత్ దీవి దగ్గర జాలరులు అతన్ని రక్షించారు.

కలహన్‌ది మొండి ధైర్యమని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. కానీ నా దృష్టి ఆ సంచి మీద ఉంటుంది. చేపలు కొట్టే బల్లెం తుపాకీ అందులో ఉంది. దాన్ని సర్దింది తుఫానులో కాదు, ఒడ్డున, మనసు కుదురుగా ఉన్న వేళ. నడిసముద్రంలో బతికించిన ధైర్యానికి పునాది అక్కడే పడింది.

మనలో చాలామందిమి ఆపదకు కావాల్సిన వస్తువు కొంటాం. కొన్న రోజే గుండెల మీద బరువు దిగిపోతుంది. ఇక దాని వంక చూడం. సముద్ర ప్రయాణికులు ఈ పొరపాటు చేస్తే సముద్రం క్షమించదు. వాళ్లు తెప్పను ఎలా ఎంచుకుంటారో, ఎక్కడ పెట్టుకుంటారో తెలుసుకుంటే మన ఇళ్లలో చేయాల్సిన పని కూడా తెలిసొస్తుంది.

అద్దెకా, సొంతానికా?

కెనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకు ఏటా నవంబరులో పడవలన్నీ గుంపుగా బయల్దేరే ఏఆర్‌సీ యాత్ర 1986లో మొదలైంది. దూరం దాదాపు 2,700 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 5,000 కిలోమీటర్లు. జీవితంలో ఒక్కసారి ఇలాంటి ప్రయాణం చేసి, మిగతా ఏళ్లన్నీ తీరం వెంట తిరిగేవాళ్లు ఎందరో. వాళ్లకు తెప్పను అద్దెకు తీసుకోవడమే తెలివైన పని. కొన్న తెప్ప ఊరికే కూర్చోదు. తయారీదారు చెప్పిన గడువు ప్రకారం, చాలా రకాలకు మూడేళ్లకోసారి, సర్వీసు చేయించాలి. అక్కడ దాన్ని విప్పి, గాలి నింపి, ఎక్కడన్నా కారుతోందేమో చూస్తారు. గ్యాస్ సిలిండర్ తూకం వేస్తారు. గడువు తీరిన ఫ్లేర్‌లు (ఆపద సంకేతంగా వెలిగించే మంటలు), బ్యాటరీలు మారుస్తారు. మళ్లీ మడతపెట్టి బిగిస్తారు. దీనికయ్యే ఖర్చు కలపకుండా కొన్న ధర ఒక్కటే చూసుకుంటే లెక్క తప్పుతుంది.

ఏటా నడిసముద్రంలోకి వెళ్లేవారైతే మాత్రం కొనండి. సొంత తెప్ప అయితే పడవలో దానికంటూ ఒక చోటు స్థిరంగా కుదురుతుంది. అదే పెద్ద లాభం. పాత తెప్ప చవకగా వస్తోందని ఆశపడితే, సర్వీసు కేంద్రంలో మీ కళ్లముందు విప్పించాకే డబ్బు ఇవ్వండి.

అద్దెకు తీసుకునేవారు మొహమాటపడకుండా అడగాల్సినవి ఉన్నాయి. ఆఖరి సర్వీసు ఎప్పుడు చేశారు? సర్టిఫికెట్ గడువు ప్రయాణం ముగిసే దాకా ఉందా? సముద్రం అవతలి ఒడ్డున తిరిగి ఇచ్చే వీలుందా? ఈ చివరి ప్రశ్న చాలామందికి తట్టదు. తెప్పలో గ్యాస్ సిలిండర్, ఫ్లేర్‌లు ఉంటాయి కాబట్టి విమాన రవాణాలో అది ప్రమాదకర సరుకు. సూట్‌కేసులా వెనక్కి పంపేయడం కుదరదు.

సైజు విషయంలోనూ 'పెద్దదైతే మంచిదే కదా' అనుకోకండి. ఎనిమిది మంది పట్టే తెప్పలో ఇద్దరే కూర్చుంటే అడుగున బరువు చాలక గాలికీ కెరటానికీ అది తేలిగ్గా బోల్తా పడుతుంది. మనుషులెందరో చూసుకుని దానికి తగ్గదే తీసుకోండి. దూరసముద్రానికైతే ఐఎస్‌వో 9650 ప్రమాణంలో మొదటి భాగానికి సరిపోయేది కావాలి.

ఎక్కడ పెడతారు?

అసలు పరీక్ష ఇది. సముద్ర పందేలకు వరల్డ్ సెయిలింగ్ సంస్థ పెట్టిన భద్రతా నిబంధన ప్రకారం తెప్ప పదిహేను సెకన్లలో పడవ అంచు దగ్గరి రక్షణ తీగల దాకా చేరాలి, లేదా నీళ్లలో పడాలి. పందేనికి వెళ్లకపోయినా ఈ కొలతే పెట్టుకోండి.

తెప్పలు రెండు రూపాల్లో వస్తాయి. గట్టి డబ్బాలో బిగించింది డెక్ మీద ఎండనూ ఉప్పునీటినీ తట్టుకుంటుంది. సంచిలో మడిచింది తట్టుకోదు, దానికి పొడి అర కావాలి. బయల్దేరే రోజు ఆ అర ఖాళీగానే ఉంటుంది. వారం తిరిగేసరికి పడవను కట్టే తాళ్లు, బకెట్లు, తడిసిన తెరచాప అన్నీ దాని మీదికే చేరతాయి. ఎవరూ కావాలని చేయరు. ఖాళీ కనబడితే సామాను పెట్టడం మనిషి గుణం. కాబట్టి ఆ అరను తెప్పకే వదిలేయాలి, మరొకటి అందులో పెట్టకూడదని మొదటి రోజే అందరికీ చెప్పాలి.

నలుగురు పట్టే తెప్ప ముప్పై కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. పడవ ఒరిగి, డెక్ మీద నీళ్లు పారుతుంటే ఆ మూటను ఎవరు ఎత్తుతారు? కెప్టెన్ అని అందరూ అనుకుంటారు. దెబ్బ తగిలింది కెప్టెన్‌కే అయితే? పడవలో అందరికంటే బలం తక్కువ ఉన్న మనిషి దాన్ని అంచు దాకా తేగలగాలి. తేలేకపోతే చోటు మార్చాల్సిందే.

ఇక తాడు. తెప్పకు ఒక పొడవాటి తాడు ఉంటుంది. దాని కొసను పడవలో గట్టి చోట కట్టాకే తెప్పను నీళ్లలోకి విసరాలి. తాడంతా బయటికి లాగి, బిగుతు తగిలాక బలంగా ఒక్క గుంజు గుంజితే సిలిండర్ తెరుచుకుని తెప్ప ఉబ్బుతుంది. కొస కట్టకుండా విసిరితే గాలికి అది తన దారిన పోతుంది. డెక్ మీద డబ్బాకు నీటి ఒత్తిడితో విడిపోయే పరికరం ఒకటి అమర్చుకోవచ్చు. పడవ మునిగి ఒకటిన్నర నుంచి నాలుగు మీటర్ల లోతుకు చేరగానే అది కట్టును తెంపి డబ్బాను పైకి వదులుతుంది. ఎక్కువగా వాడే రకానికి గడువు రెండేళ్లే. దాన్ని తాడుతో తప్పుగా ముడివేస్తే తెప్ప కూడా పడవతో పాటే అడుక్కి పోతుంది. ఇంత ఖరీదైన వస్తువు ఒక్క ముడి దగ్గర ఓడిపోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

ఎప్పుడు ఎక్కాలి?

1979 ఆగస్టులో బ్రిటన్, ఐర్లండ్ మధ్య సాగిన ఫాస్ట్‌నెట్ పందెంలో 303 పడవలు బయల్దేరాయి. తుఫాను విరుచుకుపడింది. 15 మంది పోటీదారులు చనిపోయారు. 24 పడవలను సిబ్బంది వదిలేశారు. వాటిలో మునిగినవి ఐదే. మిగతావి తర్వాత తేలుతూ దొరికాయి. తెప్పలెక్కాక ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు విడిచిన పడవలు తేలుతూనే ఉన్నాయి. ఆ విషాదం తర్వాత తెప్పల తయారీ మెరుగుపడింది, కానీ నావికులు చెప్పే మాట మారలేదు: తేలే పడవే మంచి తెప్ప, అది కాళ్ల కింద నుంచి జారిపోతున్నప్పుడే రెండోది. ఒక చెడ్డ వారం చూసి పదేళ్ల ఉద్యోగానికి రాజీనామా రాయబోయేవాళ్లు ఈ పందెం గురించి చదవాలి.

ఈ విచక్షణ అప్పటికప్పుడు రాదు. అందుకే సముద్ర భద్రత కోర్సుల్లో ఈతకొలనులో తెప్పను బోర్లా వేసి, నిటారుగా తిప్పమంటారు. సిలిండర్ ఉన్న వైపు ఎక్కి నిలబడి, అడుగున ఉన్న పట్టీ పట్టుకుని వెనక్కి వాలాలి. అది తిరిగి మీ మీదే పడుతుంది. తడి రబ్బరు ముఖానికి అతుక్కుంటే మొదటిసారి ఎవరికైనా గుండె జారుతుంది. రెండోసారికి చేతులకు దారి తెలుస్తుంది.

2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద ప్రపంచాన్ని చుట్టొచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. వాళ్లకు చప్పట్లు కొట్టాం. అంతకుముందు మాదేయి అనే పడవ మీద కెప్టెన్ దిలీప్ దోందే దగ్గర వాళ్లు తీసుకున్న సుదీర్ఘ తర్ఫీదు గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకున్నాం. మన పిల్లలకు చెప్పాల్సింది ముందు అదే.

మీరు సముద్రానికి వెళ్లకపోవచ్చు. కానీ ఇంట్లో టర్మ్ ఇన్సూరెన్స్ ఉంది, ఆరోగ్య బీమా ఉంది, బ్యాంకులో కొంత డబ్బుంది. అవే మీ తెప్పలు. ఆ సంగతి మీ భార్యకు, లేదా మీ భర్తకు తెలుసా? బీరువాలో ఏ అరలో ఏ కాగితం ఉందో మీరు లేనప్పుడు ఎవరు తీయగలరు? ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. అమ్మనూ నాన్ననూ పిల్లలనూ కూర్చోబెట్టి ఏది ఎక్కడుందో, ముందు ఎవరికి ఫోన్ చేయాలో చెప్పండి. చెప్పి వదిలేయకుండా, ఆ విషయాలు అందరికంటే తక్కువ తెలిసిన మనిషి చేత ఒకసారి తీయించి చూడండి.