తీగ లేని మౌస్ – ఒక చిన్న పరీక్ష
ఆటలకు తీగ లేని మౌస్ కొనేటప్పుడు ధర కన్నా ముందు జాప్యాన్ని పరిశీలించాలి. సాధారణ మౌస్ తన కదలికను సెకనుకు 125 సార్లు, అనగా 8 మిల్లీసెకన్లకు ఒకసారి తెలుపుతుంది. ఆటల మౌస్ 1000 సార్లు తెలుపుతుంది.

ఇవి అధికంగా 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలను వాడతాయి. 1992లో ఆస్ట్రేలియా శాస్త్ర సంస్థ సి.ఎస్.ఐ.ఆర్.ఓ. పేటెంటు కోరిన పద్ధతి తోడ్పడిన వై-ఫై కూడా తరచు ఇక్కడే పనిచేస్తుంది. యు.ఎస్.బి. 3 సాధనాలు సైతం ఇక్కడే రొద పుట్టిస్తాయి. కనుక దుకాణంలో బాగున్న మౌస్ ఇంట్లో తడబడవచ్చు.

రిసీవర్‌ను కంప్యూటర్ వెనుక ఉంచి ఒకసారి, పొడిగింపు తీగతో మౌస్ చెంతకు తెచ్చి మరొకసారి వలయాలు గీయండి. రెండవసారి బాణం గుర్తు సాఫీగా సాగితే, లోపం మౌస్‌ది కాదు, అడ్డు తగిలిన తరంగాలది. కొత్తది కొనే ముందు ఈ ప్రయోగాన్ని పిల్లల చేతనే చేయించండి.